ఒక్క వాక్యం వెంట ఎల్లారెడ్డి దాకా

తణుకులో మా పిండిమర మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆగి ఉంటుంది. ఆ రెండు గంటల్లోనే నేను వియత్నాంలో పడవ ఎక్కాను, కొరియాలో మంచు తొక్కాను, లండన్‌లో శ్రీలంక వాళ్ల కిరాణా కొట్టు వెనక గదిలో కూర్చుని అన్నం తిన్నాను. అన్నీ గ్రంథాలయం పుస్తకాలే. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంగ్లీషు కూడా ఆ గ్రంథాలయం బల్ల మీదే, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్లలో ఒక్క పుస్తకం కూడా గడువు దాటి ఇవ్వలేదు. ఈ మాట అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాను.

అలాంటి నేను 2012 డిసెంబరులో కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు వెళ్లి రావడానికి కారణం ఒక సమీక్ష. రాసింది నేనే. ఒక చిన్న పత్రికలో అనువాద నవలల మీద అప్పుడప్పుడు రాస్తుంటాను. లాహోరులో పుట్టి, గల్ఫ్‌లో తాపీపని చేసి, ఇప్పుడు కెనడాలో ఉంటున్న ఒకాయన ఉర్దూలో రాసిన నవల తెలుగులోకి వచ్చింది. అనువాదం గంగారాం గారిది. ఎల్లారెడ్డి పక్క పల్లె ఆయనది.

అందులో పదకొండో అధ్యాయం. గల్ఫ్‌లో ఉన్న భర్త ఊళ్లోని దుకాణానికి ఫోన్ చేస్తాడు. భార్య తడి చేతులతో పరుగెత్తుకొస్తుంది. ఫోన్ ఒక చెవికి పెట్టుకుంటే ఆయన గొంతులా ఉంటుంది, రెండో చెవికి మార్చుకుంటే ఎవరో పరాయివాడిలా ఉంటుంది. చుట్టూ జనం. అందరూ బాగున్నారని చెప్పి పెట్టేస్తుంది. గొంతు గుర్తుపట్టలేదని చెప్పదు. ఇంటికి వచ్చి, మూలనున్న ఖాళీ కాగులో ముఖం పెట్టి, పెళ్లయ్యాక ఎన్నడూ పలకని భర్త పేరు పలుకుతుంది. ఆ మట్టికుండలోంచి తిరిగి వచ్చిన పేరు, ఫోన్లో గొంతులాగే ఉంటుంది.

నాలుగు పేజీలు. చదివినప్పుడు మర పట్టా దగ్గర కూర్చుని ఏడ్చాను. తర్వాత ఏడాదికి అదే నవల ఇంగ్లీషు అనువాదం మా గ్రంథాలయానికి వచ్చింది. ఆత్రంగా పదకొండో అధ్యాయం తీశాను. అక్కడ ఆ నాలుగు పేజీలూ ఒక్క వాక్యం. ఇంటికి ఫోన్ చేశాడు, అందరూ బాగున్నారని భార్య చెప్పింది. అంతే.

నా ఏడుపుని ఎవరో దొంగిలించినట్టు అనిపించింది. మూలంలో లేనిది చేర్చడం పాఠకుణ్ణి మోసం చేయడమేనని ఘాటుగా రాశాను. ప్రచురణకర్త నుంచి నాకు ఉత్తరం వచ్చింది. మలి ముద్రణలో ఆ పేజీలు తీసేస్తున్నామనీ, అదే రచయిత రెండో నవల అనువాదం ప్రస్తుతానికి ఆపేశామనీ. సంతోషించాను, దాచను.

తర్వాత గంగారాం గారి నుంచి ఒక కవరు. లోపల ఉర్దూ పేజీ నకలు, చిన్న చీటీ. “మూలం పేజీ ఇదే. ఎవరితోనైనా చదివించుకోండి. చదివించుకున్నాక మా ఊరు రండి. ఆ నాలుగు పేజీలు తీసేయకముందే రండి.”

మా ఊళ్లో ఉర్దూ చదివేవాళ్లు లేక కాదు. ఇంగ్లీషు అనువాదకుడే ఆ పేజీలు ఎగరగొట్టి ఉంటే? తప్పు నాదని తేలితే? తేలేదేదో దూరంగా తేలనీ అని ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. పక్కనే గ్రంథాలయం ముద్ర ఉన్న తెలుగు నవల.

కామారెడ్డిలో దర్జీ కొట్టు

రైలు దిగేసరికి ఇంకా మంచు. స్టేషన్ బయట మనుషులు సగమే కనిపిస్తున్నారు. తలపాగాలూ మఫ్లర్లూ ముందు వచ్చి, వాటి కింద మనుషులు తర్వాత వస్తున్నారు. మా వైపు మంచు కాలవల మీద ఉంటుంది, తడిగా. ఇక్కడి మంచుకి పొగాకు వాసన ఉంది. అది మంచు వాసన కాదని తర్వాత తెలిసింది.

ఒక హోటల్లో ఉల్లిగడ్డ సమోసాలు, గాజు గ్లాసులో చాయ్. చాయ్ ఐదు రూపాయలు. మా దగ్గర టీ అంటే గొంతు తడుపుకోవడం. ఇక్కడ చాయ్ ముందు పెట్టుకుని కూర్చోవడం ఒక పని. ఎవరూ లేవమనరు. నేనూ చాలాసేపు కూర్చున్నాను. ఎదురుగా దర్జీ కొట్టు తెరుచుకుంది. ముసలాయన. కళ్లద్దాలు నుదుటి మీద. మిషన్ పక్కన ఉర్దూ పేపరు. లేచి వెళ్లాను.

పేరు ఖాజా అన్నాడు. కాగితం ఇచ్చి, ఇది చదివి చెప్పగలరా అన్నాను.

“కోర్టు కాయితమా?” అన్నాడు, ముట్టుకోకుండా.

“కాదండి. కథ.”

“కథ కోసం పొద్దుపొద్దున్నే వచ్చినవా బిడ్డా? ఎక్కడి నుంచి?”

“తణుకు.”

“అగో, మస్తు దూరం.” కళ్లద్దాలు దించుకున్నాడు. లోపల్లోపల చదువుకుంటూ పెదాలు కదిపాడు. తర్వాత పైకి చదివాడు. “ఉస్‌నే ఘర్ ఫోన్ కియా. బీవీ నే కహా, సబ్ ఖైరియత్ హై.” ఆగి తెలుగులో చెప్పాడు. “ఇంటికి ఫోన్ చేసిండు. పెండ్లాం అన్నది, అందరం మంచిగున్నం.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది, పనికి పోయిండు. సిమెంటు కలుపుతున్నడు.”

“మధ్యలో ఏమీ లేదా? కుండ, పేరు పిలవడం...”

“లేదు బిడ్డా. ఎందుకుంటది? ఫోన్ల గింతే మాట్లాడుతరు.” కాగితం తిరిగి ఇచ్చాడు. “మా అల్లుడు సౌదీల ఉంటడు. నా బిడ్డ గూడ గిదే చెప్తది, సబ్ ఖైరియత్. పెట్టేసినంక గంటసేపు మిషన్ తొక్కుతది, బట్ట పెట్టకుంట.”

నేనే గెలిచాను. గ్రంథాలయం బల్ల మీద నేర్చుకున్న ఇంగ్లీషు నన్ను మోసం చేయలేదు. ఆయనకి దండం పెట్టి బయటికి వచ్చాను. గెలిచినవాళ్లు నడిచే తీరు ఎలా ఉంటుందో అలా నడవాలని ప్రయత్నించాను. కానీ చెవుల్లో గుడ్డ లేకుండా తిరుగుతున్న మిషన్ చప్పుడు. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఏ నవలలోనూ ఆమె గురించి చదవలేదు.

ఆ రోజంతా కామారెడ్డి వీధుల్లో ఊరికే తిరిగాను. బెల్లం మండీల దగ్గర గాలే తియ్యగా ఉంది. రాత్రి లాడ్జిలో కప్పుకున్న దుప్పటి కూడా బెల్లం వాసన.

ఎల్లారెడ్డి బస్సులో

మర్నాడు పొద్దున్న బస్సులో నా పక్క సీట్లో ముందు ఒక కొత్త సూట్‌కేసు కూర్చుంది. దాని వెనక ముప్పై అయిదేళ్ల మనిషి. “అక్కా, జర ఇట్ల జరుగుతవా, దీన్ని పైన పెట్టనియ్యడు కండక్టరు” అన్నాడు. పేరు మల్లేశ్. షార్జా నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చి, ఎల్లుండి తిరిగి వెళ్తున్నాడు. సూట్‌కేసు కొనడానికే కామారెడ్డి వచ్చాడట.

“మీరు ఆంధ్రనా? మాట సినిమ లెక్క ఉన్నది” అన్నాడు.

“మీది మాకు పాట లెక్క ఉంది” అన్నాను, ఆ ‘లెక్క’ నాకు అతకకపోయినా.

“రాకుంటె మాట్లాడకక్కా, నవ్వొస్తది” అని నిజంగానే నవ్వాడు. ప్రత్యేక రాష్ట్రం గొడవలు పేపర్లో రోజూ చదువుతున్న రోజులు. బయల్దేరేటప్పుడు ఇంట్లోవాళ్లు భయపెట్టారు. నాకు తగిలిన గొడవ ఇంతవరకే.

బస్సు రాళ్లగుట్టల మధ్య నుంచి, మొక్కజొన్న కోసేసిన చేల పక్క నుంచి, చెరుకు బండ్లని దాటుకుంటూ వెళ్తోంది. మా డెల్టాలో కంటికి అడ్డేమీ ఉండదు, కొబ్బరి చెట్లు తప్ప. ఇక్కడ నేల లేస్తుంది, పడుకుంటుంది, మధ్యమధ్య ఒక చెరువు తళుక్కుమంటుంది. ఒక గుట్ట వంపు దగ్గర నేను ఎప్పుడో చదివిన కొండల నవలలోకి వెళ్లిపోయి, మల్లేశ్ ఏదో అడుగుతుంటే వినలేదు.

“పుస్తకమా అది?” అంటున్నాడు, నా ఒడి వైపు చూసి. “మా రూంల గూడ ఉంటయి. ఆర్గురం ఉంటం. చదువొచ్చినోడు చదువుతడు, మిగతోళ్లం ఇంటం. శుక్రారం అన్నం వండుకుంట ఇంటం. ఒక పుస్తకానికైతె అట్టలు గూడ లేవు, పేరేందో ఎవ్వలకు ఎర్క లేదు. మొదటి పేజీలు ఎవడో రొట్టెల కింద ఏసిండు.”

“అయినా చదువుతారా?”

“మొదలు లేకుంటె ఏమాయె, మనం గూడ నడుమల్నే పోయినం గదా.”

నేను ఎక్కడికి పోతున్నానో అడిగాడు. చెప్పాను.

“గంగారాం మామ ఇంటికా? బీడీలకాడ కథలు చదువుతడు గాయన. ఈ మధ్య చదువుతలేడట. ఆడోళ్లు కోపం మీదున్నరు. జర పైలం.”

గంగారాం గారి ఇల్లు

ఎల్లారెడ్డిలో దిగి ఆటోలో ఆరేడు కిలోమీటర్లు. పెంకుటిల్లు, ముందు పెద్ద వాకిలి. గంగారాం గారికి అరవై దాటాయి. పొడుగు మనిషి. పదిహేనేళ్లు గల్ఫ్‌లో క్రేను నడిపాడు. నన్ను చూడగానే కుర్చీ వేసి, కాళ్లకి నీళ్లిచ్చి, “చదివించుకున్నరా?” అన్నాడు.

“చదివించుకున్నానండి. ఒక్క వాక్యమే ఉంది.”

“ఒక్కటే. మీరు రాసింది నిజమేనమ్మా.”

వాదిస్తాడని నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. అవన్నీ సంచిలోనే ఉండిపోయాయి. మీకు ఉర్దూ ఎలా వచ్చిందని అడిగాను.

“నిజాం పోయిండు గని మా బళ్లె ఉర్దూ సారు పోలేదు” అన్నాడు.

ఆయన భార్య జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, మిరపకాయ తొక్కు పెట్టింది. రొట్టె ఒక చేత్తో తుంచడం నాకు రాలేదు. రెండు చేతులూ పెట్టాను. తొక్కు తగలగానే కళ్లనీళ్లు. “ఆంధ్ర కారం అంటరు, గింతేనా?” అని ఆమె నా పళ్లెంలో మజ్జిగ పోసింది.

తిన్నాక ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. గల్ఫ్ నుంచి వచ్చిన కొత్తలో ఏం చేయాలో తెలియక, వెంట తెచ్చుకున్న ఉర్దూ నవలని తెలుగు చేయడం మొదలుపెట్టాడట. మధ్యాహ్నాలు వాకిట్లో ఆడవాళ్లు బీడీలు చుడుతూ కూర్చుంటారు. వాళ్ల ముందు చదివేవాడు.

“వాళ్ల చేతులకు పని ఉంటది, చెవులకు ఉండదు. చదువుతుంటె కత్తెర్లు ఆగినయనుకో, ఆ వాక్యం నిలిచినట్టు. వాళ్లల్ల వాళ్లు ముచ్చట పెట్టుకున్నరనుకో, అది కొట్టేసి మల్ల రాసుడు. నాకు వేరే పండితులు ఎవరున్నరు?”

“మరి ఆ నాలుగు పేజీలు?”

“పదకొండో అధ్యాయం కాడ బండి ఆగింది. అందరూ బాగున్నరని చెప్పింది, అని చదివిన. ‘గంతేనా?’ అన్నది సాయవ్వ. గంతే ఉన్నదమ్మా అన్న. ‘అయితె రాసినాయనకు ఎర్క లేదు’ అన్నది. మూడు దినాలు ముందుకు పోనియ్యలె. నాలుగో దినం ఆమెనే చెప్పింది, బీడీ చుట్టుకుంట, తల ఎత్తకుంట. ఫోను, చెవులు, కాగు, అన్ని. నేను రాసుకున్న. గది ఆమె సొంత కథ.”

సాయవ్వ భర్త తొమ్మిదేళ్ల కిందట దుబాయి వెళ్లాడు. కంపెనీ జీతాలివ్వక బయటికి వచ్చేశాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. అలా దొంగచాటుగా పనులు చేసుకుంటూ తిరిగేవాళ్లని అక్కడ కల్లివెల్లి అంటారట. ఇప్పుడు ఎక్కడున్నాడో సరిగా తెలియదు. ఫోన్లు రావడం తగ్గి తగ్గి ఆగిపోయాయి.

“ఇది మూలంలో లేదని కింద ఒక ముక్క రాయొచ్చు కదండీ” అన్నాను.

“రాయాల్సుండె, రాయలె. గది నా తప్పు. పేరు పెట్టాల్నా అని ఆమెను అడిగిన. నవ్వి ఊకున్నది. ఊకుంటె వద్దన్నట్టేనని అనుకున్న. పేరు లేనిదానికి గుర్తెందుకని కలిపేసిన.”

లోపలికి వెళ్లి ఒక పెద్ద నోటుబుక్కు తెచ్చాడు. రెండో నవల అనువాదం. పూర్తయింది. “మీ సమీక్ష చూసినంక ఇది ఒక్కన్నే కూసుండి చేసిన. మాటకు మాట. ఎవ్వలకు చదివి ఇనిపియ్యలె. వాళ్లకు సగం కాడ ఆపేసిన.”

మధ్యలో కొన్ని పేజీలు, ఆఖరి పేజీలు చదివాను. తప్పు ఒక్కటీ లేదు. నేను సమీక్షలో కోరింది అచ్చం ఇదే. చదువుతుంటే ఎవరూ కాపురం లేని ఇంట్లో నడుస్తున్నట్టు ఉంది. నోటుబుక్కు మూసి ఆయన చేతికి ఇచ్చేశాను.

చాటల చుట్టూ

మూడో రోజు మధ్యాహ్నం. వాకిట్లో అయిదుగురు. ఒక్కొక్కరి ఒడిలో చాట, చాటలో పొగాకు, పక్కన తడి గుడ్డలో చుట్టిన తునికాకు. ఆకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం చూస్తుంటే నిద్రలో చేస్తున్నట్టు ఉంది. ఎండ పలచగా ఉంది. పొగాకు ధూళి ఎండలో నిలబడి ఉంది. నేను కూర్చున్న దగ్గర్నుంచి తుమ్ములు.

“గీమెనేనా గంగారాం బాపు నోరు కట్టేసింది?” అంది పోశవ్వ. అందరిలోకీ పెద్ద. ముందు పళ్లు లేవు.

“తుమ్మనియ్యవ్వా, తుమ్మినంక అడుగుదాం” అంది ఇంకొకామె.

సాయవ్వ చివర గోడకి ఆనుకుని ఉంది. నలభై ఉంటాయేమో. నావైపు ఒకసారి చూసి మళ్లీ ఆకు వైపు తిరిగింది.

“ఏం రాసినవో చదువు ఫస్టు” అంది పోశవ్వ.

సమీక్ష నా దగ్గర ఉంది. నేను రాసింది నేనే పైకి చదవడం అదే మొదటిసారి. ‘పాఠకుణ్ణి మోసం చేయడమే’ అన్న చోట నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఒక్క కత్తెరా ఆగలేదు. పోశవ్వ పక్కామెతో తన మేకపిల్ల సంగతి మొదలుపెట్టింది. గంగారాం గారు తల పక్కకి తిప్పుకున్నాడు, నవ్వు దాచుకోవడానికి.

“అయిందా?” అంది పోశవ్వ. “సరె. గిది ఇడిసిపెట్టు. గా రెండో కథల మనిషిని ఈయన లైన్ల నిలబెట్టి పోయిండు. మూడు నెలలాయె. ఎండల నిలబడే ఉన్నడు పాపం. నువ్వు ఇంగ్లీషుల చదివినవట గదా. గాయనకు కాయితం దొరుకుతదా, లేదా?”

రెండో నవల కల్లివెల్లి అయిన ఒక తాపీమేస్త్రీ కథ. అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తుంది. పాస్‌పోర్టు లేనివాళ్లు వరసలో నిలబడి ఇంటికి పోయే కాగితం తెచ్చుకోవచ్చు. ఈయన ఆఖరి రోజు నిలబడతాడు. ముగింపు నాకు తెలుసు. గ్రంథాలయంలో ఇంగ్లీషులో చదివాను, నోటుబుక్కులో ముందు రోజు మళ్లీ చూశాను. గంగారాం గారి వైపు చూశాను.

ఆయన నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. “మీరే చదువుండ్రి. మాటకు మాట ఉన్నది.”

చదవడం మొదలుపెట్టాను. నా యాసకి మొదట నవ్వారు. కాసేపటికి నవ్వడం మానేశారు. వరస కదులుతోంది, ఎండ పెరుగుతోంది, కిటికీ దగ్గరవుతోంది. ముందు పదిమంది. ఏడుగురు. ముగ్గురు. ఒక కత్తెర ఆగింది. ఇంకొకటి ఆగింది. నేను ముందు రోజు కాపురం లేని ఇల్లు అనుకున్న ఆ వాక్యాల్లోకి ఈ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నట్టు ఉంది.

ముగ్గురు ముందున్న చోట పేజీ అయిపోయింది. తిప్పితే ఇంకొక్క పేజీ. నేను తిప్పలేదు. ఇక్కడితో ఆపేస్తే చాలు. ఎవరికీ తెలియదు. ముందు ముగ్గురే ఉన్నారు కాబట్టి ఆయనకి కాగితం దొరికినట్టే అనుకుంటారు. ఎవరి మీద ఘాటుగా సమీక్ష రాశానో ఆయన ముందే కూర్చుని, ఒక పేజీ ఎలా తీసేయాలా అని ఆలోచిస్తున్నాను. గంగారాం గారు చేర్చాడు, నేను తీసేయబోయాను. అంతే తేడా.

“ఎందుకాపినవు?” అంది సాయవ్వ. ఆ మధ్యాహ్నం ఆమె మాట్లాడడం అదే మొదలు. “ఇంకో కాయితం ఉన్నది గదా నీ చేతిల.”

తిప్పాను. చదివాను. కిటికీ రేకు దిగిపోతుంది. వరస విడిపోతుంది. ఆయన వచ్చిన దారినే వెనక్కి నడుస్తాడు. మర్నాడు ఎవరిదో కట్టడంలో గుండుతాడు వేలాడదీసి ఇటుక మీద ఇటుక పెడతాడు. గోడ నిటారుగా వస్తోందని చూసుకుంటాడు. అక్కడ నవల అయిపోతుంది.

ఎక్కడో చెరుకు బండి పోతున్న చప్పుడు. సాయవ్వ చేతిలోని బీడీకి దారం కట్టింది, మెల్లగా, ఊడకుండా.

“మంచిగ రాసిండు” అంది. “ఇందుల ఏం కలుపకు బాపూ.”

“కలుపద్దా?” అన్నాడు గంగారాం గారు.

“కలుపద్దు. అప్పటి ఫోన్ ముచ్చట రాసినాయనకు ఎర్క లేదు, నాకెర్క, చెప్పిన. ఈ లైన్ల ముచ్చట నాకెర్క లేదు, గాయనకెర్క. గాయన చెప్పిండు.”

ఇరవై రెండేళ్లు అనువాదాలు చదివాను. వాటి గురించి వ్యాసాలు చదివాను, రాశాను. ఆ మాట ఎక్కడా తగల్లేదు.

పోశవ్వ ముక్కు చీదుకుంది. “ఏడ్పియ్యనే వచ్చినవు తల్లీ” అంది నాతో. “గంగారాం బాపూ, రేపటి నుంచి నువ్వే చదువు. గీమె తుమ్ముల నడుమ సగం ఇనపడలె.”

ఆ నాలుగు పేజీలు తీసేయబోతున్నారని సాయవ్వకి చెప్పింది నేనే. ఆమె చేతులు ఆగాయి. అప్పటిదాకా ఆగకుండా ఉన్నవి.

“తీసేస్తె ఎట్ల?” అంది. “మనోళ్లు పోయేటప్పుడు పట్టుకపోతున్నరు గదా పుస్తకాలు. రూంలల్ల చదువుతరట గదా. ఎన్నడన్న ఆయన చెవుల పడుతదని. ఫోన్ల చెప్పలె నేను. గొంతు గుర్తుపట్టలేదని ఎట్ల చెప్త?”

“మరి నీ పేరు పెట్టమంటావా?” అన్నాను.

“పెట్టకుంటె నేనని ఆయనకెట్ల ఎర్క?”

గంగారాం గారు ముఖం మీద చెయ్యి వేసుకుని రుద్దుకున్నాడు. ఆమె నవ్వి ఊరుకున్న రోజు గుర్తొచ్చిందేమో.

ఆయన పేరేమిటని సాయవ్వని అడిగాను. నలుగురూ ఒక్కసారి నవ్వారు. మా వైపు పెద్దవాళ్లూ భర్త పేరు చెప్పరు, ఎవరో ఒకరు అందిస్తారు. ఇక్కడా పోశవ్వ అందించబోయింది. సాయవ్వ చెయ్యి ఎత్తి ఆపింది. చాటలోకి తల వంచి, పొగాకుతో చెప్పినట్టు, పేరు చెప్పింది. కాగితాలు లేని మనిషి కాబట్టి ఇక్కడ ఆ పేరు రాయను.

తిరుగు బస్సు

నాలుగో రోజు ఎల్లారెడ్డి బస్టాండులో మళ్లీ అదే సూట్‌కేసు. ఇప్పుడు తాడు కట్టి ఉంది. మల్లేశ్ హైదరాబాదు వెళ్తున్నాడు, రాత్రికి విమానం. కళ్లు ఉబ్బి ఉన్నాయి. సకినాలు, తొక్కు, పెసరపప్పు పెట్టుకున్నానని ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. ఇంటి సంగతి తప్ప అన్నీ చెప్పాడు.

బస్సు కదిలాక సాయవ్వ భర్త పేరు చెప్పి, తెలుసా అని అడిగాను.

“ఎర్క లేదక్కా. గాని గసోంటోళ్లు శుక్రారం ఎక్కడ కలుస్తరో ఎర్క. ఒగల నుంచి ఒగలకు ముచ్చట పోతది.”

సంచిలోంచి నవల తీశాను. పదకొండో అధ్యాయం. నాలుగు పేజీలు అయిపోయిన చోట, కింద ఖాళీలో, పెన్నుతో రాశాను. ‘ఇది చెప్పింది సాయవ్వ, ఎల్లారెడ్డి దగ్గర.’ బస్సు కుదుపుకి అక్షరాలు వంకరపోయాయి. గ్రంథాలయం పుస్తకంలో గీత గీసినవాళ్లని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. పేజీ మూల మడిచి అతనికి ఇచ్చాను.

ఎర్రముద్ర చూశాడు. “లైబ్రరీది గదా అక్కా?”

“అవును. రొట్టెల కింద వేయకండి.”

“ఏయం” అన్నాడు. సూట్‌కేసు తాడు విప్పి, బట్టల మధ్యలో కాకుండా, పైన పెట్టుకున్నాడు. కిటికీలోంచి గుట్టలు వెనక్కి పోతున్నాయి. కామారెడ్డి వచ్చేదాకా నాకు ఏదో గదిలో అన్నం ఉడుకుతున్న చప్పుడూ, ఎవరో ఒక గొంతు చదువుతున్న చప్పుడూ వినిపిస్తూనే ఉంది.

తణుకు

వచ్చాక రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి పత్రికకి. ఆ పేజీలు మూలంలో లేవని నేను రాసింది నిజమే, మోసమన్నది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను అని. వేశారు. రెండోది ప్రచురణకర్తకి. పేజీలు తీయొద్దు, మూలంలో లేవని కింద వేయండి, చెప్పినామె పేరు వేయండి అని. జవాబు ఇంకా రాలేదు. గంగారాం గారి కార్డు మాత్రం వచ్చింది. రెండో నవల మళ్లీ మొదటి నుంచి వాకిట్లో చదువుతున్నాడట. మూడో అధ్యాయంలో ఆరు చోట్ల కొట్టేయించారట.

గడువు రోజున గ్రంథాలయానికి వెళ్లాను, ఖాళీ చేతులతో. గ్రంథపాలకుడు రిజిస్టరు తీసి, అలవాటుగా నా పేరు ఎదుట తేదీ వేయబోయి ఆగాడు.

“పుస్తకం ఏదండీ?”

“ఒకరికి ఇచ్చాను.”

ఆయన నన్ను వింతగా చూశాడు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్న మనిషి. “ఎప్పుడు తెస్తారు?”

షార్జా వెళ్లిందని చెప్పాను. ఎంతమంది చేతులు మారుతుందో, ఏ శుక్రవారం ఏ గదిలో ఉంటుందో తెలియదని చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టేసి, జరిమానా సంగతి తర్వాత చూద్దాం అన్నాడు.

రిజిస్టరులో తిరిగి వచ్చిన తేదీ గడి ఖాళీగానే ఉంది. దారిన పోతూ అప్పుడప్పుడు లోపలికి వెళ్లి ఆ పేజీ చూసి వస్తుంటాను.